గడప తడిపిన గోదారి పాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జపాన్ దర్శకుడు కునియో కాటో 2008లో తీసిన పన్నెండు నిమిషాల యానిమేషన్ చిత్రం గురించి రెండు సంచికల కిందట ఒక పాఠకుడు అడిగితే ఈ శీర్షికలో కొంత వివరంగా రాశాను. చుట్టూ నీరు పెరుగుతున్న కొద్దీ ఉన్న ఇంటి మీద మరో ఇల్లు కట్టుకుంటూ పైకి పోయే ఒక ముసలాయన, చేయి జారి నీళ్ళలో పడిన తన పొగతాగే పైపు కోసం కింది అంతస్తుల్లోకి దిగుతాడు. దిగిన ప్రతి అంతస్తులోనూ ఆయన గతం ఒక్కో మెట్టు వెనక్కి వెళ్ళి కనిపిస్తుంది. 2009లో ఆస్కార్ అందుకున్న ఆ చిత్రం జపనీస్ పేరుకు అర్థం ‘పిల్లలు పేర్చుకునే చెక్కముక్కల ఇల్లు’. మన పాటతో, మన నీటితో ఇటువంటిది తీయవచ్చు కదా అని ఆ జవాబు చివర ఒక మాట అన్నాను. ఆ మాటకు వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఉండడం వల్ల ఈసారి తక్కిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే స్థలం ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా అమ్మమ్మకు ఎనభై దాటాయి. 1986 ఆగస్టు వరదలో గోదావరి మా ఊరి ఇళ్ళలోకి వచ్చినప్పుడు గుట్ట మీద తలదాచుకున్న ఆడవాళ్ళు కట్టుకున్న పాట ఒకటి ఆమె ఇప్పటికీ పాడుతుంది. ఆ ఏడు నీరు దూలం దాకా వచ్చి దిగిపోయింది, ఇల్లు నిలిచింది. తరువాత కొన్నేళ్ళకు ఊరే జలాశయం ముంపులో పోయి, మా వాళ్ళు కాలనీకి వచ్చేశారు. మా అబ్బాయి హైదరాబాదులో యానిమేషన్ చదువుతున్నాడు. ఈ పాటతో ఐదు నిమిషాల చిత్రం తీస్తాడట. ముందు బొమ్మలన్నీ గీసి, ఆ తరువాత ఒక గాయని చేత పాడించి కలుపుతానంటాడు. తాతమ్మ గొంతు వణుకుతుందని వాడి అభ్యంతరం. మీ సలహా ఏమిటి? మూడు చరణాలు రాసి పంపుతున్నాను.
*గడప తడిపావు గోదారి తల్లీ, గొళ్ళెమంటకమ్మా*
*గొళ్ళెమంటావు గోదారి తల్లీ, గూడు తడపకమ్మా*
*గూడు తడిపావు గోదారి తల్లీ, దూలమెక్కకమ్మా*
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, ముందుగా మీ అబ్బాయిని పెన్సిలు కింద పెట్టమనండి. పాట ముందు, బొమ్మ తరువాత. ఇది పెద్దల మీది గౌరవంతో చెబుతున్న మాట కాదు, పని పద్ధతిని బట్టి చెబుతున్న మాట. పాత్ర నోరు కదపాలన్నా, తెడ్డు దరువుకు పడాలన్నా, శబ్దం ముందే చేతిలో ఉండి, ఏ అక్షరం ఎన్నో ఫ్రేములో పడుతుందో లెక్క కట్టి షీటు మీద రాసుకున్న తరువాతే బొమ్మ గీయడం యానిమేషన్‌లో చాలాకాలంగా ఉన్న అలవాటు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు. ఐదు నిమిషాలకు 3,600 బొమ్మలు. ఒంటి చేత్తో పనిచేసే విద్యార్థికి ఇది ఏడాది పని. ఆ బొమ్మలన్నీ గీసిన తరువాత పాట వాటి మీద కుదురుగా కూర్చోకపోతే మార్చవలసి వచ్చేది బొమ్మలనే కాని పాటను కాదు.

ఇక మీరు పంపిన చరణాల సంగతి. వీటిని రెండు మూడు సార్లు పైకి చదువుకున్నాను. వద్దని వేడుకున్న చోటికే తరువాతి పాదంలో నీరు వచ్చి ఉంటుంది. ఒక పాదం విడిచిన మాటను తరువాతి పాదం పట్టుకుని మొదలుకావడాన్ని మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. గుట్ట మీద కూర్చున్న ఆడవాళ్ళకు ఆ పేరు తెలియకపోవచ్చును గాని, నీరు పెరిగే తీరు తెలుసు. పాట ఆ తీరునే పట్టుకుంది. మీ అబ్బాయి చిత్రానికి కావలసిన కథనం అంతా ఈ మూడు పాదాల అల్లికలోనే ఉంది. జానపద గాథల్లో పల్లవి ఊరికే తిరిగి రాదు, వచ్చినప్పుడల్లా ఒక్క మాట మార్చుకుని వస్తుంది. యానిమేషన్‌లోనూ ఇటువంటి సదుపాయమే ఒకటి ఉంది. ఎనిమిది బొమ్మల వరసను చక్రంలా తిప్పితే దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది, అల కొట్టుకుంటూనే ఉంటుంది. పల్లవి దగ్గర అదే చక్రం, అదే గది, అదే దీపం. నీటి గీత మాత్రం గడప నుంచి గొళ్ళేనికి, గొళ్ళెం నుంచి దీపపు గూటికి, గూటి నుంచి దూలానికి. బొమ్మల సంఖ్య కూడా సగానికి సగం తగ్గుతుంది కాబట్టి మీ అబ్బాయికి ఈ సలహా నచ్చుతుందనే అనుకుంటున్నాను.

వణికే గొంతు విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ అమ్మమ్మ పక్షం. స్టూడియో గాయని నిమిషానికి 80 దరువులంటే కచ్చితంగా 80 పాడుతుంది, ఒక్కో దరువుకు 18 ఫ్రేములు లెక్క తేలికగా కుదురుతుంది. ఎనభై ఏళ్ళ మనిషి ‘గోదారి తల్లీ’ దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది, ఒక చరణంలో ఎక్కువసేపు, ఒక చరణంలో తక్కువసేపు. ఆ ఆగిన చోట బొమ్మ కూడా ఆగాలి. నీరు పైకి పాకవలసింది ఆ ఊపిరి సందులోనే. లయ కొట్టే తాళం పెట్టెను చెవిలో వినిపిస్తూ పాడించవద్దు. పంకా ఆపి, గదిలో బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, ఆమె మామూలుగా కూర్చునే చోటనే కూర్చోబెట్టి, మూడు రోజుల్లో మూడుసార్లు పాడించి రికార్డు చేయండి. తరువాత ప్రతి దరువునూ చెవితో విని గుర్తు పెట్టుకోమనండి. విసుగు పుట్టించే పనే, కాని ఆ తరువాతి ఏడాదంతా ఆ గుర్తులే అతనికి దారి చూపుతాయి.

ప్రశ్న: బొమ్మలతో పాట చెప్పడం అనే ఆలోచన మనకు బయటి నుంచి వచ్చినదేనా? మన దగ్గర దీనికి పోలిక ఉందా? (ఒక పాఠకుడు, సిద్దిపేట)

జవాబు: సిద్దిపేట నుంచి ఈ ప్రశ్న రావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది, ఎందుకంటే పోలిక మీ జిల్లాలోనే ఉంది. చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపిన పూత పూసి, ఎర్రటి నేల మీద గడులు గడులుగా పురాణం మొత్తం గీసి ఇస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఆ పటాన్ని విప్పుతూ, కథ ఏ గడి దగ్గరకు వస్తే ఆ గడిని చూపుతూ పాడతారు. చుట్ట విప్పడమే అక్కడ కాలం నడవడం. కథకుడు ఏ గడి దగ్గర ఎంతసేపు నిలవాలో పాటే నిర్ణయిస్తుంది. పై జవాబులో నేను చెప్పిన పద్ధతి వాళ్ళకు తరతరాలుగా ఉన్నదే.

తోలుబొమ్మలాట ఇంకా దగ్గరి చుట్టం. మోచేయి, భుజం, మోకాలు విడివిడిగా కత్తిరించి కీళ్ళ దగ్గర దారంతో కట్టిన బొమ్మ, వెనక దీపం, ముందు తెల్లగుడ్డ. అట్ట బొమ్మలను కీళ్ళ దగ్గర కదుపుతూ ఒక్కో ఫ్రేము తీసే కటౌట్ యానిమేషన్‌కూ దీనికీ ఉన్న తేడా కెమెరా మాత్రమే. నేటికి మిగిలి ఉన్న నిడివి గల యానిమేషన్ చిత్రాలలో అన్నింటికన్నా పాతది, 1926లో జర్మనీలో లోటె రైనిగర్ అనే స్త్రీ తీసినది, ఇటువంటి నీడబొమ్మల చిత్రమే. కాబట్టి రాజమహేంద్రవరం అబ్బాయి గాని, అతని వంటి వారు గాని 3,600 బొమ్మలకు భయపడితే, శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు వెళ్ళి బొమ్మ కీళ్ళు ఎలా కడతారో వారం రోజులు చూసి రావడం మేలు. చేర్యాల రంగులనూ గీతలనూ అలాగే దించి ‘జానపద శైలి’ అనే పేరుతో ఏ కథకైనా అతికించే అలవాటు ఈ మధ్య ప్రకటనల్లో ఎక్కువైంది. ఆ దారి వద్దు. తీసుకోవలసింది పటం విప్పే నడకను.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మన వీరగాథల్లో యుద్ధాలున్నాయి, సతులున్నారు, పేరంటాళ్ళున్నారు. నీట మునిగిన ఇంటి మీద గాథ ఉన్నట్లు నాకు గుర్తు లేదు. లేని సంప్రదాయాన్ని మీరు ఉన్నట్లుగా చూపడం లేదా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మాస్టారూ, మీ ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ఊరి కోసం గండిలోకి నడిచి వెళ్ళిన కథను కట్టమంచి రామలింగారెడ్డి పందొమ్మిదో శతాబ్ది చివర కావ్యంగా రాశారు. మీరు ఎన్నో ఏళ్ళు తరగతిలో చెప్పి ఉంటారు. పొరుగున కన్నడంలో ‘కెరెగె హార’ అనే జానపద గాథ ఉంది. అక్కడ చెరువు తవ్వారు కాని నీరు పడలేదు. చిన్న కోడలు భాగీరథిని బలి ఇవ్వాలని తేలింది. ఆమె మెట్టు మెట్టుకూ నీరు పాదాలను అంటుతుంది, పాదాలు మునుగుతాయి, మోకాళ్ళకు వస్తుంది, నడుముకు వస్తుంది. రాజమహేంద్రవరం పాటలో గడప, గొళ్ళెం, గూడు, దూలం వచ్చిన చోట ఆ గాథలో ఆడమనిషి ఒళ్ళు వచ్చింది.

మీరు ఎత్తి చూపిన లోటు నిజమే, దాన్ని నేను కాదనడం లేదు. పాత గాథల్లో నీరు మనిషిని తీసుకుని ఊరిని వదిలిపెడుతుంది. పోయిన ఆమె పేరంటాలై గుడి కట్టించుకుంటుంది, మిగిలిన ఊరు ఆమె పాట పాడుతుంది. జలాశయాల కాలంలో ఇది తలకిందులైంది: నీరు ఊరిని తీసుకుని మనిషిని వదిలిపెట్టింది. పాడవలసిన వాళ్ళు నలభై కాలనీలకు చెదిరిపోతే పాట ఎక్కడ కూర్చుని కట్టాలి? గాథకు ఒక చావు కావాలి, ఒక తెగువ కావాలి; నోటీసు అందుకుని సామాను ట్రాక్టరుకు ఎత్తిన మనిషి చుట్టూ కథ కట్టడం మన కథకులకు అలవాటు లేని పని. అందుకే ఆ 1986 పాట నాకు అపురూపంగా తోచింది. అందులో చావు లేదు, బలి లేదు, కోడలు లేదు. ఇల్లే కోడలి స్థానంలో నిలబడింది. అది సంప్రదాయమని నేను అనను. సంప్రదాయం వాడిన పనిముట్టునే కొత్త పనికి తిప్పుకున్నారని మాత్రం అంటాను.

ప్రశ్న: మాది ఉప్పాడ తీరం. మా పెదనాన్నగారి ఇల్లు సముద్రంలో కలిసింది. గోదావరి వరద, జలాశయం ముంపు, సముద్రపు కోత అన్నీ మీకు ఒకటేనా? బొమ్మల్లో నీరు ఎక్కడ చూసినా నీలంగానే ఉంటుంది. (ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా)

జవాబు: ఒకటి కావమ్మా. ఈ తేడా తెలియకుండా ఎవరూ ఇటువంటి చిత్రం మొదలుపెట్టకూడదు.

గోదావరి వరద అంకెలతో వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న అక్కడ 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగుల దాకా వచ్చి ఆగింది. దిగువ ఊళ్ళవాళ్ళు రేడియోలోనూ ఇప్పుడు ఫోనులోనూ ఆ అంకెలు వింటూ, ధాన్యం ఎప్పుడు ఎత్తాలో, గొడ్ల పలుపులు ఎప్పుడు విప్పాలో లెక్క కట్టుకుంటారు. ఆ నీరు నీలం కాదు. కొండవాగుల ఒండ్రుతో కలిసిన ఎర్రనీరు. వస్తుంది, కొన్నాళ్ళకు దిగిపోతుంది, పోతూ గోడ మీద ఒక గీత మిగిల్చి పోతుంది. కొన్ని ఊళ్ళలో ఆ గీత పక్కన సంవత్సరం రాసి ఉంచుతారు. ఆ గీతలు యానిమేషన్‌కు దొరికిన వరం: ఎన్ని వరదలో అన్ని గీతలు, ఒకదాని మీద ఒకటి.

జలాశయపు నీరు తొందర లేకుండా వస్తుంది, దిగిపోదు. ఒండ్రు అడుక్కు చేరి పైన తేటపడుతుంది. పడవలో పోయే వాళ్ళకు అందంగా కూడా కనిపిస్తుంది. ఈ నీటిని నీలంగానే వేయండి, దాని నీలమే కదా అక్కడ మనసును కలచివేసేది.

మీ సముద్రం తీరు ఈ రెండూ కాదు. అది ఇంటిని ముంచదు, కింద నుంచి తవ్వుతుంది. ముందు ప్రహరీ, తరువాత కొబ్బరిచెట్టు వేళ్ళు, తరువాత వెనక గది పునాది. ఒక తుఫానుకు ఒక గది చొప్పున. తీరం వెంట బండరాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టారు, అల వాటినీ కదిలించింది. నదులు తేవలసిన ఒండ్రు ఎగువన ఆనకట్టల వెనకే ఆగిపోవడం డెల్టా తీరాలు కోతకు లోనవడానికి ఉన్న కారణాల్లో ఒకటి. కాబట్టి పైన ఊరిని ముంచిన ఆనకట్టకూ కింద తీరాన్ని తినే అలకూ దూరపు చుట్టరికం ఉందన్నమాట. మీ పెదనాన్నగారి ఇంటి మీద పాట కడితే అందులో నీటిమట్టం పెరగనే కూడదు. అల వచ్చి పోతూ ఉండాలి. వెనక్కి పోయిన ప్రతిసారీ ఒక ఇటుక తక్కువ కావాలి. పల్లవి నిడివి కూడా చరణానికి చరణం తరిగిపోతే వినేవాడికి కారణం చెప్పకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: మా తాతల ఊరు శ్రీశైలం జలాశయంలో ఉంది. ఇల్లు మునగడాన్ని బొమ్మల్లో చూపాలంటే ఏయే వస్తువులు గీయాలి? నేను ఆ ఇల్లు చూడలేదు, ఫొటో కూడా లేదు. (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ చేయాలి. మీ తాతల ఇల్లు నిండుగా నిలబడి మునిగి ఉండదు. 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించిన కార్యక్రమానికి ప్రభుత్వం పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ డిమోలిషన్’. నీరు రాకముందే ఇళ్ళు పడిపోయాయి. కొన్నింటిని అధికారులు పడగొట్టించారు, కొన్నింటిని ఇంటివాళ్ళే విప్పుకున్నారు. ద్వారబంధాలు, తలుపులు, దూలాలు, వాసాలు, పనికివచ్చే పెంకులు బండ్లకెత్తుకుని పోయి కొత్త చోట మళ్ళీ నిలబెట్టుకున్నారు. కాబట్టి మీ ఇంటి ఆనవాళ్ళు నీళ్ళలో కన్నా మీ బంధువుల ఇళ్ళలో దొరికే అవకాశం ఎక్కువ. గోడ సిమెంటుదై, తలుపు మాత్రం బరువైన పాత టేకుదై, పొడవు చాలక కింద దిమ్మె కట్టించిన గుమ్మం ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే దాని కొలతలు తీసుకోండి. గుమ్మం కొలత తెలిస్తే గోడ ఎత్తు, పైకప్పు వాలు ఇంచుమించుగా ఊహించవచ్చు.

గీయవలసిన వస్తువుల పట్టిక నేను ఇవ్వను. పట్టిక ఇస్తే తిరగలి, రోలు, ఉట్టి, కవ్వం వరసగా వచ్చి చిత్రం సంగ్రహాలయంలా తయారవుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ వస్తువు దగ్గర మాట ఆపుతారో అదొక్కటి గీయండి చాలు.

అదే జలాశయం విషయంలో మరొక సంగతి మీకు పనికిరావచ్చు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళకు అంకెలు వేసి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అటు ముచ్చుమర్రి వైపున ఏడు నదుల సంగమం దగ్గరి సంగమేశ్వరుడిని తరలించలేదు; పూర్తి మట్టం 885 అడుగులుండే ఆ జలాశయం వేసవిలో బాగా తగ్గినప్పుడు ఆ గుడి బయటపడుతుంది, వేపమొద్దు లింగానికి పూజ జరుగుతుంది, వాన కాలంలో మళ్ళీ మునుగుతుంది. ఒక దేవుడికి తరలింపు, ఒక దేవుడికి ఏటేటా మునక. అంకెలు వేసిన రాళ్ళు తమంతట తాము లేచి వెళ్ళి మరో చోట గుడిగా కూర్చోవడం యానిమేషన్‌లో ఎంత సులువో, అంకెలు వేయని ఇంటిరాళ్ళు వాటిని చూస్తూ ఉండిపోవడం కూడా అంతే సులువు. నేను తీసేవాడినైతే చిత్రాన్ని అక్కడే మొదలుపెట్టేవాడిని.

ప్రశ్న: నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో మా కుటుంబం మూడు తరాలుగా బతుకుతోంది. ఆనకట్టలు లేకపోతే ఈ పత్రిక చదివే వాళ్ళలో సగం మందికి అన్నం ఉండేది కాదు. మునిగిన ఇళ్ళ మీద శోకగీతాలు పాడేవాళ్ళు ఈ మాట ఎందుకు చెప్పరు? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: చెప్పాలి, మీతో ఏకీభవిస్తున్నాను. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట, 590 అడుగుల మట్టానికి నిండిన ప్రతి ఏడూ, మీ పొలానికే కాదు, గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాలకు కూడా అన్నదాత. ఒకప్పుడు ఇక్ష్వాకు రాజుల రాజధాని ఉన్న నాగార్జునకొండ లోయ కూడా ఆ నీటి కిందే ఉంది. ముంచేముందు పురావస్తు శాఖవారు ఏళ్ళ తరబడి తవ్వి, దొరికిన శిల్పాలను కొండమీది మ్యూజియానికీ కట్టడాలు కొన్నింటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ చేర్చారు. ఇక్ష్వాకుల కాలపు ఇటుకకు దొరికిన చోటు నిన్నమొన్నటి లంబాడీ తండాకు, చెంచుగూడేనికి దొరికిందా అనే ప్రశ్న వేసినంత మాత్రాన ఆనకట్ట వద్దన్నట్లు కాదు.

అయితే శోకగీతంలో రెండో పక్షం వాదన కూడా ఉండాలని పట్టుబడితే అది పాట కాదు, వాదోపవాదం అవుతుంది. బొబ్బిలి కథ చెప్పేవాడిని, బొబ్బిలి మీదికి దండెత్తిన విజయరామరాజు వైపు న్యాయం కూడా సమానంగా చెప్పమని ఎవరూ అడగరు. మీ మాటకు చోటు బొమ్మలో ఉంది. దూలం మునిగే చరణం పాడుతున్నప్పుడు తెర మీద కాలువ వెంట నారుమడి పచ్చబడవచ్చు. పాట దాన్ని ఖండించదు, సమర్థించదు. చూసేవాడు రెండింటినీ ఒకేసారి మోయవలసి ఉంటుంది. మీరు అడిగిన న్యాయం ఇంతకన్నా గట్టిగా జరగదని నా నమ్మకం.

ప్రశ్న: జానపద గేయానికి హక్కుదారు ఉండడు కదా. ముసలివాళ్ళు పాడింది రికార్డు చేసి చిత్రంలో వాడుకోవడానికి అనుమతి అవసరమా? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: గేయానికి కర్త తెలియకపోవచ్చు, పాడిన మనిషి తెలుసు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది మన దేశంలో చేరింది. పాడిన వారి పాటను రికార్డు చేసి వాడుకోవాలంటే వారి సమ్మతి ఉండాలి, ఆ హక్కు యాభై సంవత్సరాలు నిలుస్తుంది. తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. చిత్రం చివర పేరు ఎలా వేయాలో కూడా అప్పుడే అడగండి. డబ్బు వస్తే వాటా ఎంతో అదే కాగితం మీద ఉండాలి. రానప్పుడు రాసుకోవడమే సులువు.

ప్రశ్న: మొదటి ఉత్తరం మా అమ్మ రాసింది. నేను వేరే ప్రశ్న అడుగుతున్నాను. పాట 1986 దగ్గర ఆగిపోయింది. అప్పుడు నీరు దూలం దగ్గర ఆగింది, ఇల్లు మిగిలింది. నా చిత్రం ఇల్లు పోవడం గురించి. అందుకని ‘దూలమెక్కావు గోదారి తల్లీ’ అని మొదలయ్యే నాలుగో చరణం రాశాను. తాతమ్మ దాన్ని పాడనంటోంది. పైగా ఆమె ఈ పాటకు మంగళం కూడా పాడదు, మూడో చరణంతో ఆపేస్తుంది. చిత్రానికి ముగింపు ఎలా? (ఒక విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: ఒకే ఇంటి నుంచి రెండు ఉత్తరాలు రావడం, అందులో ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండడం ఈ శీర్షికకు ఇదే మొదటిసారి. నీ చరణం చదివాను బాబూ. ఛందస్సు కుదిరింది, అల్లిక కుదిరింది, తాతమ్మ పాటలోని నడక నీ చెవికి బాగా పట్టుబడింది. అయినా తీసెయ్యి.

తాతమ్మ ఎందుకు పాడనంటోందో ఆలోచించావా? ఆ పాట ఒక మొర. దూలమెక్కవద్దని వేడుకున్నారు, గోదావరి ఎక్కలేదు. వాళ్ళ లెక్కలో తల్లి మాట విన్నది. నీ నాలుగో చరణం పాడితే తల్లి మాట తప్పిందని అర్థం వస్తుంది. ఇంటిని ముంచింది వరద కాదు, జలాశయం. గోదావరి తనంతట తాను ఎక్కిన నీరు కాదు అది. ఆ నిందను నది మీద వేయడానికి ఆమె ఒప్పుకోవడం లేదు. కారణం నీకు చెప్పకపోయి ఉండవచ్చు, కాని నీ చరణంలోని తప్పు ఆమెకు నీకన్నా ముందే తెలిసింది.

కాబట్టి పాటను 1986లోనే ఉండనివ్వు. ఆ పాటకు తెలియని సంగతి ఒకటి బొమ్మకు తెలుసు; నీ చిత్రం నిలబడేది ఆ తేడా మీదే. కునియో కాటో చిత్రంలో మాటలే లేవు గనుక ఆయనకు ఈ అవకాశం లేదు, నీకు ఉంది. మొదటి చరణంలో పాట గడప అంటుంది, బొమ్మలోనూ గడపే. రెండో చరణంలో పాట గొళ్ళెం అంటుంది. బొమ్మలో గొళ్ళెం విప్పేసిన గుర్తులు, మేకుల రంధ్రాలు. మూడో చరణంలో పాట గూడు తడిసిందని, దూలమెక్కవద్దని అంటుంది. బొమ్మలో దూలం అప్పటికే బండి మీద ఉంది, నీరు ఇంకా రానే లేదు. అవే మాటలు, అదే గొంతు. వింటున్నవాడికి 1986, చూస్తున్నవాడికి ఈనాడు. ఎర్రనీటితో మొదలైన చిత్రం ఏ చోట నీలానికి మారాలో నువ్వే తేల్చుకో. మూడో చరణంలో ఆమె ఊపిరి తీసుకునే చోటు నాకైతే అనువుగా తోస్తోంది.

మంగళం సంగతి. హరికథ అయినా బుర్రకథ అయినా చివర మంగళం పాడి హారతి ఇచ్చి, విన్నవాళ్ళను క్షేమంగా ఇంటికి పంపడం ఆచారం. దేనికైనా ‘మంగళం పాడేశారు’ అంటే అది ముగిసిపోయిందని అర్థం కూడా మన భాషలోనే ఉంది. ఆమె పాడనంటే అడగవద్దు. రికార్డు చేసే రోజున మూడో చరణం అయిపోగానే మీట నొక్కకుండా ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంచు. ఆమె దగ్గుతుంది, మంచినీళ్ళు అడుగుతుంది, ‘అయిందా?’ అంటుంది, నువ్వేదో జవాబు చెబుతావు. ఆ శబ్దానికి బొమ్మలు గీయవద్దు. మూడో చరణం చివరి బొమ్మనే నిలిపి ఉంచు.